చెర పెద్దలకు, ఎడబాటు పిల్లలకు

నాగారం నుంచి ఈసీఐఎల్ చౌరస్తా మీదుగా వెళితే చర్లపల్లి కేంద్ర కారాగారం మనకు ఎంతో దూరం కాదు. ముషీరాబాదులోని పాత జైలును తొలగించి ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రిని నిర్మించిన తరువాత నగరానికి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్లే ప్రధానమయ్యాయి. ములాఖత్ కోసం ఆ గేట్ల ముందు వేచి ఉండేవారిలో బురఖా ధరించిన తల్లులు, మనుమల చేయి పట్టుకున్న నానమ్మలు కనిపిస్తూనే ఉంటారు. ఇతర మతాల, కులాల పేదలూ వారి పక్కనే నిలబడి ఉంటారు. అరెస్టు గురించి పత్రికలు రాస్తాయి, కేసు గురించి న్యాయవాదులు వాదిస్తారు, శిక్ష గురించి న్యాయస్థానం నిర్ణయిస్తుంది. తండ్రినో తల్లినో జైలుకు పంపిన ఇంట్లో మిగిలిపోయిన బిడ్డ గురించి మాత్రం ఎవరూ అడగరు. ఈ నెల మనం ఆ బిడ్డ గురించి మాట్లాడుకోవాలి.

ముందుగా లెక్కలు చూద్దాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదిక ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఖైదీలున్నారు. వారిలో 4,34,302 మంది, అంటే ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు, ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. జనాభాలో మన వాటా 2011 జనగణన ప్రకారం 14.2 శాతం కాగా, జైళ్లలో మన వాటా అంతకంటే ఎక్కువగా ఉంటోందని ఈ నివేదికలే ఏటా చెబుతున్నాయి. తల్లులతోపాటు జైలులో ఉంటున్న పిల్లల సంఖ్యను కూడా ఆ నివేదిక ఇచ్చింది. 1,537 మంది తల్లుల వెంట 1,764 మంది పిల్లలు. అయితే జైలు గోడకు ఇవతల ఉండిపోయిన పిల్లల లెక్క ఆ నివేదికలో లేదు. ఖైదీ వయస్సు, మతం, కులం, చదువు అన్నీ నమోదు చేసే ప్రభుత్వం అతనికి ఎంతమంది పిల్లలున్నారో, వారిప్పుడు ఎవరి దగ్గర ఉన్నారో లెక్కించి ప్రకటించడం లేదు. లెక్కలో లేనివారికి పథకంలోనూ చోటు ఉండదన్నది ప్రభుత్వ కార్యాలయాల తీరు తెలిసినవారెవరికైనా అర్థమయ్యే సంగతే.

బిడ్డకు కుటుంబంతో ఏర్పడే మమకారం గాలిలో నుంచి పుట్టదు. రోజూ అదే చేయి అన్నం తినిపించడం, అదే గొంతు నిద్రపుచ్చడం, భయపడినప్పుడు అదే మనిషి వచ్చి ఎత్తుకోవడం వల్ల అది ఏర్పడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇళ్లూ వాకిళ్లూ కోల్పోయిన పిల్లల మానసిక స్థితిపై బ్రిటిష్ వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఒక నివేదిక సమర్పించారు. పసితనంలో ఆప్యాయమైన, ఎడతెగని సంరక్షణ అందకపోతే ఆ లోటు పెద్దయ్యాక కూడా వెంటాడుతుందని ఆయన వాదించారు. అరెస్టు ఈ ఎడతెగనితనాన్నే తెంచివేస్తుంది. రెండేళ్ల బిడ్డకు జైలంటే ఏమిటో తెలియదు. నాన్న రాలేదని మాత్రం తెలుస్తుంది. ఆరేళ్ల బిడ్డ తాను అల్లరి చేసినందుకే నాన్న వెళ్లిపోయాడని లోలోపల అనుకోవచ్చు. పన్నెండేళ్ల బిడ్డకు అంతా తెలుసు, కానీ తెలియనట్లు నటిస్తూ బడిలో తలదించుకుంటాడు. తల్లి జైలుకు వెళ్లినప్పుడు ఇల్లే చెదిరిపోతుంది. ఒక బిడ్డ అమ్మమ్మ దగ్గరకు, మరొకడు బాబాయి దగ్గరకు, ఇంకొకరు హాస్టలుకు చేరతారు. తల్లితోపాటు తోబుట్టువులను కూడా కోల్పోతారు.

తండ్రి ఇంట లేకపోవడం మన కుటుంబాలకు కొత్త కాదు. గల్ఫ్ దేశాలకు వెళ్లిన వేలాది తండ్రులను ఫోనులోనే చూస్తూ పెరిగిన పిల్లలు హైదరాబాదులో వాడవాడనా ఉన్నారు. కానీ ఆ ఎడబాటు వేరు. ఆ బిడ్డ తన తండ్రి ఎక్కడున్నాడో గర్వంగా చెప్పగలడు. పండుగకు బట్టలు వస్తాయి, తిరిగివచ్చే తేదీ తెలుస్తుంది. మరణం కూడా వేరు. జనాజా నమాజు ఉంటుంది, ఇరుగుపొరుగు పరామర్శ ఉంటుంది, బిడ్డను యతీం అని పిలిచి అతని తలపై చేయి వేయడం పుణ్యమని సమాజానికి తెలుసు. చెరసాల తెచ్చే ఎడబాటుకు ఇవేవీ లేవు. పరామర్శకు వచ్చేవారుండరు. ఉన్న బంధువులు కూడా పోలీసుల భయంతో దూరమవుతారు. తిరిగివచ్చే తేదీ, విచారణ ఖైదీ విషయంలోనైతే, న్యాయమూర్తికి కూడా తెలియదు. తండ్రి బ్రతికి ఉన్నాడు, కానీ లేడు. ఈ అనిశ్చితి బిడ్డ మనసును కుదురుగా ఉండనివ్వదు.

అందుకే అనేక ఇళ్లలో పెద్దలు ఒక సులభమైన అబద్ధాన్ని ఆశ్రయిస్తారు. అబ్బా సౌదీ వెళ్లారని చెబుతారు. తల్లి ఉద్దేశం మంచిదే. కానీ సౌదీ వెళ్లిన పక్కింటి తండ్రి ప్రతి శుక్రవారం వీడియోలో కనిపిస్తుంటే తన తండ్రి ఎందుకు కనిపించడో బిడ్డ ఆలోచించకుండా ఉండడు. ఒకనాడు వీధిలో ఎవరో తోటి పిల్లవాడి నోటి నుంచి నిజం వింటాడు. ఆ రోజున తండ్రి మీద నమ్మకంతోపాటు తల్లి మీద నమ్మకం కూడా సడలుతుంది. మిగిలిన ఒక్క ఆధారమూ కదిలిపోతుంది.

దక్షిణ లండనులో 411 మంది బాలురను చిన్నతనం నుంచి దశాబ్దాలపాటు గమనించిన కేంబ్రిడ్జి అధ్యయనం ఒకటి ఉంది. దాని ఆధారంగా జోసెఫ్ మర్రే, డేవిడ్ ఫారింగ్టన్ 2005లో ఒక పరిశీలనను ప్రచురించారు. మరణం వల్ల, ఆసుపత్రి వల్ల, ఇతర కారణాల వల్ల తల్లిదండ్రులకు దూరమైన బాలురకంటే జైలు వల్ల దూరమైన బాలురు తరువాతి జీవితంలో ఎక్కువ కష్టాల్లో పడినట్లు వారు గుర్తించారు. దీనర్థం ఖైదీ బిడ్డ నేరస్థుడవుతాడని కాదు. అలా అర్థం చేసుకోవడం ఆ బిడ్డకు మరో అన్యాయం. ఎడబాటుకు పేదరికం, అవమానం, మౌనం తోడైనప్పుడు గాయం లోతుగా దిగుతుందని అర్థం. పేదరికాన్నీ అవమానాన్నీ మౌనాన్నీ మనం తగ్గించగలం. కనుక గాయాన్ని కూడా తగ్గించగలం.

మౌనం ఎంత ముఖ్యమో మన స్వాతంత్ర్య చరిత్రే చెబుతోంది. 1930-33 మధ్య జవాహర్‌లాల్ నెహ్రూ జైళ్ల నుంచి కుమార్తె ఇందిరకు ప్రపంచ చరిత్రను లేఖల రూపంలో రాశారు. ఆ లేఖలు పుస్తకమై నేటికీ చదవబడుతున్నాయి. 1908లో మౌలానా హస్రత్ మోహానీని అరెస్టు చేసినప్పుడు ఆయన పసికూతురు నయీమా జబ్బుతో ఉంది. భార్య నిషాతున్నిసా బేగం కుంగిపోక, ధైర్యంగా ఉండమని జైలులోని భర్తకు కబురు పంపారు. ఆ బిడ్డలు కూడా తండ్రులకు దూరమైనవారే. అయినా వారి చేతిలో ఒక కథ ఉంది. మా నాన్న ఇందుకోసం జైలులో ఉన్నారని చెప్పగలిగారు. ఉత్తరం వచ్చేది, సమాజం నిలబడి గౌరవించేది. నేటి విచారణ ఖైదీ బిడ్డకు ఆ కథ లేదు, ఆ ఉత్తరమూ లేదు. అతనికి ఆ రెండింటిలో కనీసం ఉత్తరాన్నైనా మనం సమకూర్చగలమా అన్నది మన ముందున్న ప్రశ్న.

మన నగరానికి ఈ విషయంలో చేదు అనుభవమే ఉంది. 2007 మే 18న మక్కా మసీదులో జరిగిన పేలుడు తరువాత అనేకమంది ముస్లిం యువకులను పట్టుకుపోయారు. వారిపై పెట్టిన కేసులు న్యాయస్థానాల్లో నిలవలేదు. 2011-12లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మేరకు, 20 మందికి మూడు లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున మొత్తం 70 లక్షల రూపాయల పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. గుజరాత్‌లోని అక్షరధామ్ కేసులో ముగ్గురికి మరణశిక్షతో సహా శిక్షలు పడిన ఆరుగురిని 2014 మే 16న సుప్రీంకోర్టు నిర్దోషులుగా ప్రకటించింది. వారిలో కొందరు అప్పటికి పదేళ్లకు పైగా జైలులో గడిపారు. అరెస్టు నాటికి రెండేళ్లున్న బిడ్డకు తండ్రి తిరిగివచ్చేసరికి పన్నెండు, పదమూడేళ్లు ఉంటాయి. న్యాయస్థానం తీర్పుతో తండ్రి ఇంటికి రాగలడు. కానీ ఆ బిడ్డకు అతడు ఒక అపరిచితుడు. ఏమని పిలవాలో, ఎంత దగ్గరగా కూర్చోవాలో ఇద్దరికీ తెలియదు. పరిహారం చెల్లించినా, దాన్ని వెనక్కి తీసుకున్నా, ఆ ఏళ్ల లెక్క అందులో ఉండదు.

అయితే మన వాదన నిర్దోషుల పిల్లలకు మాత్రమే పరిమితమైతే అది సగం వాదనే. నిజంగా నేరం చేసిన తండ్రి బిడ్డ కూడా నేరం చేయలేదు. నేరానికి బలైన కుటుంబాల దుఃఖాన్ని, వారికి దక్కవలసిన న్యాయాన్ని మనం ఒక్క క్షణం కూడా తక్కువ చేయరాదు. దోషికి శిక్ష పడవలసిందే. కానీ ఒకరి భారాన్ని మరొకరు మోయరన్న సూత్రాన్ని దివ్య ఖుర్ఆన్ ఒక్కచోట కాదు, పలుచోట్ల పేర్కొన్నది. శిక్షార్హమైన నేరాన్ని తానే ఒప్పుకున్న గామిద్ తెగ స్త్రీ గర్భవతి అని తెలిసినప్పుడు, బిడ్డ పుట్టి, పాలు మాని, అన్నం తినే వరకు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) శిక్షను వాయిదా వేసిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. చట్టం అమలుకంటే ముందు బిడ్డ అవసరాన్ని చూడవలసి ఉంటుందన్న బోధ ఇందులో స్పష్టంగా ఉంది. యుద్ధ ఖైదీలలో సైతం తల్లీబిడ్డలను విడదీయడాన్ని ఆయన తీవ్రంగా హెచ్చరించిన హదీసు తిర్మిజీలో ఉంది. సూరా అల్ ఇన్సాన్‌లో సజ్జనుల లక్షణాలు చెబుతూ అన్నం పెట్టవలసిన ముగ్గురిని ఒకే వరుసలో పేర్కొనడం జరిగింది. వారు నిరుపేద, అనాథ, ఖైదీ. ఖైదీ బిడ్డ ఇంట్లో ఈ మూడు స్థితులూ ఒక్కచోటే కలుస్తాయని మనం గమనించాలి.

ఇక దేశ చట్టం ఏమి చెబుతోంది? ఈ విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రధానమైన తీర్పు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం పేరుతోనే ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006 ఏప్రిల్ 13న న్యాయస్థానం స్పష్టమైన ఆదేశాలిచ్చింది. తల్లితో జైలులో ఉన్న బిడ్డను ఖైదీగా చూడరాదు. తిండి, బట్ట, వైద్యం, చదువు అతని హక్కు. ఆరేళ్లు నిండే వరకు బిడ్డ తల్లితో ఉండవచ్చు. జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటును జైలు అని రాయరాదు. ఆరేళ్ల తరువాత తల్లి కోరుకున్న తగినవారికి, లేదంటే సంక్షేమ శాఖ వసతికి అప్పగించాలి. ఆ వసతిలో ఉన్న బిడ్డకు వారానికి ఒకసారైనా తల్లిని కలిసే వీలు కల్పించాలి. భారతదేశం 1992లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక తొమ్మిదవ అధికరణం కూడా, విడిపోయిన తల్లిదండ్రులతో నేరుగా, క్రమం తప్పకుండా సంబంధం కొనసాగించే హక్కు బిడ్డదని చెబుతోంది. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2007లో ఒక తల్లి కేసులో ఇంకా ముందుకు వెళ్లింది. బిడ్డలను ప్రధానంగా పోషిస్తున్న వ్యక్తికి శిక్ష విధించే ముందు ఆ శిక్ష పిల్లల మీద ఎలా పడుతుందో న్యాయమూర్తి విడిగా ఆలోచించాలని తేల్చింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఆల్బీ సాక్స్ జాత్యహంకార పాలనలో స్వయంగా జైలును చూసినవారే.

మన చట్టంలో ఉన్న లోటు ఇక్కడే కనిపిస్తుంది. 2006 తీర్పు జైలు లోపల ఉన్న బిడ్డను చూసింది, తల్లి నుంచి వసతికి వెళ్లిన బిడ్డను చూసింది. తండ్రి లోపల, తాను బయట ఉన్న బిడ్డ, అంటే చర్లపల్లి గేటు ముందు నిలబడిన బిడ్డ, ఎవరి బాధ్యతో స్పష్టత లేదు. ఇది అసాధ్యమైన పని కాదు. రాజస్థాన్‌లోని పాలన్‌హార్ పథకం యావజ్జీవ, మరణశిక్ష పడినవారి పిల్లలను పోషించే కుటుంబానికి నెలనెలా సాయం చేస్తోంది. ఖైదీల పిల్లల పోషణకు, చదువుకు ఢిల్లీ ప్రభుత్వం 2014లో ప్రత్యేక పథకం తెచ్చింది. కేరళలో ఖైదీల పిల్లల చదువుకు సామాజిక న్యాయశాఖ సాయమందిస్తోంది. తెలంగాణ ప్రభుత్వం కూడా ఇటువంటి స్పష్టమైన పథకాన్ని తేవాలని, అందులో శిక్షపడినవారి పిల్లలతోపాటు విచారణ ఖైదీల పిల్లలనూ చేర్చాలని మేము కోరుతున్నాము. విచారణ ఖైదీ బిడ్డకు ఆకలి తీర్పు వచ్చే దాకా ఆగదు.

దీనితోపాటు ప్రభుత్వం వెంటనే చేయగలిగినవి నాలుగు ఉన్నాయి. మొదటిది, జైలులో చేర్చుకునే రోజునే ఖైదీకి పిల్లలున్నారా, వారెవరి దగ్గర ఉన్నారు అని నమోదు చేసి, అవసరమైతే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి తెలపడం. రెండవది, అరెస్టు తీరు. పసివారి కళ్ల ముందు, అర్ధరాత్రి, తండ్రిని కొడుతూ లాక్కుపోయిన దృశ్యమే అనేకమంది బిడ్డలకు మొదటి గాయం. బిడ్డల ముందు కొట్టరాదని, వారిని ఎవరికి అప్పగిస్తున్నారో రాసుకోవాలని పోలీసులకు నియమం ఉండాలి. మూడవది, ములాఖత్. జాలీల అవతల, అరుపుల మధ్య, కొద్ది నిమిషాల్లో తండ్రీబిడ్డల బంధం నిలవదు. బిడ్డ తండ్రి ఒడిలో కూర్చోగల చోటు, బడి లేని రోజున వేళ, దూర జిల్లాలవారికి వీడియో ములాఖత్ కావాలి. నాలుగవది, మాతృభాషలో ఉత్తరాలు. ఉర్దూలో రాసిన ఉత్తరం తనిఖీ పేరిట నెలల తరబడి ఆగిపోకుండా చూడాలి.

ఎడబాటును తగ్గించే అత్యుత్తమ మార్గం, న్యాయబద్ధంగా వీలైనంత త్వరగా విడుదల. ఇక్కడ మన కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలున్నాయి. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, గతంలో ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ ఆ నేరానికి గల గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం, ఇతరులు సగం కాలం జైలులో గడిపితే విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడగల నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. గడువు పూర్తయినప్పుడు న్యాయస్థానానికి రాయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. బెయిలు మంజూరైనా పూచీకత్తు సొమ్ము లేక లోపలే ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకం కింద సాయం అందే వీలుంది, జరిమానా కట్టలేక ఆగినవారికి కూడా ఆ వీలుంది. ఉపా, మాదకద్రవ్యాలు, అవినీతి, మనీలాండరింగ్ కేసులకు ఈ సాయం లేదు. అయితే ఉపా కేసుల్లో సైతం విచారణ అంతులేకుండా సాగుతుంటే ఉన్నత న్యాయస్థానాలు బెయిలు ఇవ్వవచ్చునని 2021లో కె.ఎ. నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉచిత న్యాయసహాయం 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు. దాని ఫోను నంబరు 15100. పిల్లల సహాయానికి 1098.

ప్రభుత్వాన్ని అడిగే హక్కు మనకుంది. అంతమాత్రాన మన బాధ్యత తీరదు. ఖైదీ ఇంటికి వెళ్లడానికి భయపడే బంధువులు, ఆ ఇంటి ఆడపిల్ల సంబంధాన్ని వదులుకునే కుటుంబాలు, ఆ పిల్లవాడితో ఆడవద్దని బిడ్డలకు చెప్పే తల్లులు మనలోనే ఉన్నారు. పోలీసులు తండ్రినే తీసుకుపోయారు. బిడ్డ నుంచి మిగిలిన కుటుంబాన్ని తీసివేస్తున్నది మనమే. ఇది ఆగాలి.

ఇంట్లో పెద్దలు బిడ్డకు వయస్సుకు తగిన నిజం చెప్పాలి. అబ్బా జైలులో ఉన్నారు, అది నీ తప్పు కాదు, అబ్బాకు నువ్వంటే ప్రేమే, మేము నీతో ఉన్నాము. చిన్నబిడ్డకు ఈ నాలుగు మాటలు చాలు. లోపల ఉన్న తండ్రి కూడా బిడ్డ చదువు, జ్వరం, ఆట అడిగి ఉత్తరం రాయాలి. రాయలేనివారికి తోటి ఖైదీలు సాయపడాలి. అయితే ఒక హెచ్చరిక అవసరం. తల్లినో బిడ్డనో హింసించి జైలుకు వెళ్లిన తండ్రి విషయంలో బంధం పేరుతో బిడ్డను బలవంతంగా ములాఖత్‌కు తీసుకువెళ్లరాదు. అక్కడ బిడ్డ భద్రత, బిడ్డ ఇష్టం ముఖ్యం. ఏ తల్లికైనా ఖులా కోరే హక్కు ఉందని కూడా మరువరాదు.

చివరగా నాగారం, దమ్మాయిగూడ, కుషాయిగూడ, చర్లపల్లి మసీదు కమిటీలకు మా విన్నపం. 2025 జనవరిలో చర్లపల్లిలో కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది. జిల్లాల నుంచి ములాఖత్‌కు వచ్చే కుటుంబాలకు ఇక్కడ దిగడం ఇప్పుడు సులభం. వారు ఏ మతస్థులైనా సరే, పిల్లలతో కాసేపు కూర్చునే చోటు, మంచినీళ్లు, పిల్లలకు ఒక పూట భోజనం మన మసీదులు సమకూర్చగలవు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో నిరుపేదలు, అప్పుల్లో కూరుకున్నవారు ఉన్నారు. సంపాదించే మనిషి లోపల ఉన్న ఇంటికి బైతుల్‌మాల్ నుంచి బియ్యం, బడి ఫీజు, ములాఖత్ ప్రయాణ ఖర్చు ఇవ్వడంపై ఉలమాలు మార్గదర్శనం చేయాలి. రాష్ట్రంలోని 204 మైనారిటీ గురుకులాల్లో ఈ పిల్లల చేరికకు మన కార్యకర్తలు దరఖాస్తులు నింపిపెట్టాలి. ప్రతి మసీదులో ఇద్దరు నమ్మకమైన వ్యక్తులు, వారిలో ఒకరు స్త్రీ, తమ వాడలోని అటువంటి ఇళ్ల వివరాలను గోప్యంగా సేకరించి, శామీర్‌పేట వద్ద ఉన్న మన జిల్లా కలెక్టరేట్‌లోని అధికారులకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు విడివిడిగా అర్జీలు పెట్టాలి. అర్జీ నకలుపై ముద్ర వేయించుకోవడం మరువవద్దు. ఆ ఇంటి పేరును మైకులో చదవవద్దు, ఫోటో తీయవద్దు. వచ్చే జుమా ఖుత్బాలో ఈ విషయం ప్రస్తావించవలసిందిగా ఇమాములను కోరుతున్నాము. ఆ పైవారం ఆ ఇళ్ల తలుపు తట్టవలసినవారు మనమే.